పొట్ట మీదుగా

గురజాల
ఆగస్టు 18, 2024

మరదలు దీప్తికి,

వయసులో చిన్నదానివి, వందనాలు ముందు నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పేటట్టు లేవు గనుక నేనే చెబుతున్నాను, పుచ్చుకో.

నీ ఫోన్ మోగదు. మీ నాన్నకు చేస్తే "పడుకుందమ్మా" అంటాడు. పొద్దున చేసినా పడుకునే ఉంటావు, సాయంత్రం చేసినా పడుకునే ఉంటావు. మీ అమ్మ అయితే నా పేరు చూసి కట్ చేస్తుంది. అందుకని పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కిటికీ అవతలి గుమాస్తా నన్ను కిందా మీదా చూసి "కోర్టు కేసా మేడం?" అన్నాడు. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేది కోర్టు కోసమేనట. కాదయ్యా, మరదలు అలిగింది అని చెప్పాను. అలక అన్నందుకు కోప్పడకు. ఆ కిటికీ ముందు నిలబడి ఇంకేమనాలో నాకు తోచలేదు.

తమ్ముడు రాజు సంగతి రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. సిమెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. మొన్న మాచర్ల పోయి చూసి వచ్చాను. వంటింట్లో నువ్వు సర్దిన డబ్బాలు సర్దినట్టే ఉన్నాయి. వాడు హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చుకుని సగం తిని సగం పారేస్తున్నాడు. కారు మీద టార్పాలిన్ కప్పి కొసల మీద రాళ్లు పెట్టాడు. కప్పినా అది కారులాగే కనిపిస్తుంది గదా. దాని పక్కనుంచి నడవలేక పెరటి గుమ్మంలోంచి తిరుగుతున్నాడు.

నిన్ను చూద్దామని నరసరావుపేట వచ్చినప్పుడు మీ అమ్మ వీధిలో అన్న మాటలు వాడు నాకు చెప్పలేదు. వాడితో వచ్చిన ఫ్యాక్టరీ అతను చెప్పాడు. "వొద్దు మొర్రో అంటన్నా ఇనకుండా కారు బెల్టు బిగిచ్చి నా మనవరాల్ని చంపుకున్నావు, ఇప్పుడు నా బిడ్డ కూడా కావాల్నా?" అందట. వాడు గేటు ముట్టుకోకుండానే వెనక్కి తిరిగాడట.

మీ అమ్మను, ఫిలోమినా అత్తయ్యను, నేను తప్పు పట్టను. ఎనిమిదో నెల రాకముందే కూతుర్ని పురిటికి తీసుకెళ్దామని, ప్రార్థన చేయించి, చలిమిడి పెట్టి, ఒడి నింపి సంతోషంగా బయలుదేరిన మనిషి. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర ముందు పోతున్న రాయి లోడు ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. వాడు బ్రేకు వేశాడు, అయినా తగిలింది. కారుకు ఒక లైటు పగిలింది, అంతే. వెనక సీట్లో మీ అమ్మానాన్నలకు ఏమీ కాలేదు. నీ ఒంటి మీద నెత్తురు చుక్క లేదు. లోపలి బిడ్డ ఒక్కతే పోయింది. ఆడపిల్లయితే నిఖిత, మగపిల్లాడయితే దీప్తి ఇష్టం అని వాడు అంటూ ఉండేవాడు. ఆడపిల్లే. ఏ పేరూ పెట్టకుండా సమాధుల దొడ్లో ఓ మూలన పూడ్చి వచ్చాం.

ఒక్క ముక్క రాయి. తిట్టాలనిపిస్తే తిట్లే రాయి.

నీ వదిన
ఝాన్సీ


నరసరావుపేట
సెప్టెంబరు 9

ఝాన్సీ వదినకు,

మీ ఉత్తరం అందింది. నేను పడుకుని లేను. ఫోన్ తీసేశాను. ఆ రోజు నన్ను కారులోంచి దించుతుంటే ఎవరో వీడియో తీశారు. బెల్టే బిడ్డను చంపిందని రాసి పంపుకుంటున్నారు, మా వీధిలో అందరి దగ్గరా ఉంది. చర్చిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఫోన్లో కూడా ఉంది.

మీ తమ్ముడి సంగతి రాశారు. నా సంగతి కూడా వినండి. వెనక కూర్చుంటే వాంతులవుతున్నాయని ముందు కూర్చున్నాను. బెల్టు వద్దన్నాను. పొట్ట మీద ఏదీ ఆనించుకోలేకపోతున్నానని చెప్పాను. మీ తమ్ముడు దిగి నా వైపుకు వచ్చి, కారు పుస్తకం తీసి బొమ్మ చూపించాడు. కడుపుతో ఉన్న ఆడమనిషి, పొట్ట మీదుగా బెల్టు. "చూడు, నీకోసం ప్రత్యేకంగా ఒక పేజీ వేశారు" అని నవ్వాడు. అమ్మ వెనకనుంచి "వొద్దు బాబూ, దానికి ఊపిరాడదు" అంది. "కంపెనీ వాళ్లకు తెలవదా అత్తయ్యా?" అని తనే లాగి బిగించాడు. టక్కుమంది. ఇప్పుడు గిన్నె మీద మూత పెట్టినా నాకు అదే చప్పుడు వినిపిస్తోంది.

అమ్మ అనే మాట నేను అనను. ఆయన కావాలని చేశాడని ఎవరంటారు? కానీ ఆ చేతుల వైపు చూడలేను. చూడలేని మనిషితో ఒక ఇంట్లో ఎలా ఉండాలి, మీరే చెప్పండి.

ఇక్కడ బాగానే ఉన్నాం. అమ్మ పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించింది. కాయలు రేకుల మీద పడుతున్నాయట. నా చిన్నప్పటినుంచీ పడుతూనే ఉన్నాయి. స్త్రీల కూటానికి వెళ్లడం కూడా మానేసింది. నాన్న పొద్దస్తమానం వాకిట్లో కూర్చుని ఉంటాడు.

నేను రాశానని మీ తమ్ముడికి చెప్పకండి.

దీప్తి


గురజాల
అక్టోబరు 20

దీప్తీ,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వచ్చింది. అది తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. పూర్తిగా తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

వాడికి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. కానీ మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు అలమరలో కవరు మీద నీ చేతిరాత చూశాడు. తెరవలేదు. రాత మీద వేలితో ఒకసారి తుడిచి, ఉన్నచోటే పెట్టాడు. నేను వంటింట్లోంచి చూస్తున్నానని వాడికి తెలియదు.

వాడు ఆ పుస్తకాన్ని ఎందుకు నమ్మాడో నీకంటే ఎవరికి తెలుసు? ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో పుల్లారావు అనే తోటి ఎలక్ట్రీషియన్, కరెంటు బోర్డు మీద రాసింది చదవకుండా దాని తలుపు తీసి, వీడి కళ్ల ముందే మాడిపోయాడు. ఆ రోజు నుంచి మిక్సీ కొన్నా, ఇస్త్రీపెట్టె కొన్నా, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి గానీ ప్లగ్గు పెట్టడు. ఇడ్లీ పాత్రకు పుస్తకం ఇవ్వలేదా అని నువ్వే వాణ్ణి ఏడిపించేదానివి. అలాంటి మనిషి, భార్య కడుపుతో ఉంటే, ఆమె కోసం అచ్చువేసిన పేజీ పక్కన పెడతాడా? నీ భయం కన్నా అచ్చు ఎక్కువ అనుకున్నాడు. అదొక్కటే వాడు చేసింది.

ఇక్కడ టాక్సీ స్టాండులో ఏమంటున్నారో తెలుసా? "అది బెల్టు కాదక్కా, ఉరితాడు" అంటున్నారు. సగంమంది బెల్టులు సీట్ల వెనక్కి తోసేసి కూర్చుంటున్నారు. పోయిన వారం మా ఆస్పత్రికి దాచేపల్లి వైపునుంచి నజీమా అని నీ వయసు పిల్లను తెచ్చారు. నిండు కడుపు. కారు గుంతలో పడితే ముందుకు పోయి కొట్టుకుంది. బెల్టు ఎందుకు పెట్టుకోలేదమ్మా అని అడిగాను. "ఆ నరసరావుపేట ఆమె వీడియో చూసి మా అత్త వొద్దందండీ" అంది. పెట్టుకో అని చెప్పాలా, వద్దని చెప్పాలా, ఇన్నేళ్ల నర్సును, నాకే తెలియలేదు. మాకు మందుల సంగతి చెప్పారు గానీ కారు బెల్టు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లను గుంటూరు పంపించాం.

కోపంలో రాశాను. చింపేయకుండా ఇంకోసారి చదువు.

ఝాన్సీ


నరసరావుపేట
నవంబరు 4

వదినకు,

నజీమా బిడ్డ ఏమైంది? అదొక్కటి రాయండి చాలు.

దీప్తి


గురజాల
జనవరి 12, 2025

మరదలు దీప్తికి,

నజీమా బిడ్డ నిలబడింది. గుంటూరులో ఆపరేషన్ చేసి తీశారు. చానా సన్నగా ఉంది గానీ గొంతు మాత్రం మా వార్డంతా వినిపిస్తుంది. టీకాలకు మా దగ్గరికే తెస్తున్నారు. ఈ కబురు ముందే రాయాల్సింది. ఎత్తుకున్న రోజు రాద్దామని కూర్చుంటే నువ్వు గుర్తొచ్చి రాయలేకపోయాను.

ఇప్పుడు రాసేది కూర్చుని చదువు. క్రిస్మస్ పండక్కి ముందు రాజుకు కార్ల కంపెనీ నుంచి రిజిస్టర్ పోస్టులో ఒక కాగితం వచ్చింది. రీకాల్ అట. కారులో లోపం ఉంటే వెనక్కి పిలిచి బాగుచేస్తారు గదా, అది. ఈసారి లోపం కారులో లేదు, పుస్తకంలో ఉంది. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

"మీ వాహనంతో అందజేసిన పుస్తకంలో, గర్భిణులు సీటు బెల్టు ధరించవలసిన విధానం పొరపాటుగా ముద్రితమైనది. నడుము పట్టీ పొట్ట మీదుగా కాక, పొట్టకు దిగువన, తొడల పైభాగాన తుంటి ఎముకలకు ఆనుకొని ఉండవలెను. సవరణ స్టిక్కరును సర్వీస్ సెంటర్‌లో ఉచితంగా పొందగలరు. ఈ పొరపాటు వలన ఎవరైనా గాయపడినట్లు ఇంతవరకు మా దృష్టికి రాలేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

రాజు ఆ కాగితం పట్టుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. నా చేతికిచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను చదువుతుంటే వాడు మళ్లీ మొదటినుంచి నోటితో అప్పగిస్తున్నాడు, అంతగా చదివాడు. "కింద పెట్టాలంటక్కా. పొట్ట కింద పెట్టాలంట" అన్నాడు. బిడ్డ పోయినప్పుడు ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. పక్కింటివాళ్లు వచ్చి ఎవరు పోయారని అడిగారు.

సర్వీస్ సెంటర్‌కు పోతే స్టిక్కరు ఇచ్చారట. అరచేతి అంత ఉంది. పాత బొమ్మ మీద అతికించుకోమన్నారు. "అతికిస్తే పాతది కనపడదు గదా, అప్పుడు నేను చదివింది ఏందో ఎవరికి చూపిచ్చాలి?" అని వాడు అతికించలేదు.

తప్పు వాడిది కాదని ఇప్పుడైనా అత్తయ్యకు చెప్పు.

ఝాన్సీ


నరసరావుపేట
జనవరి 24

ఝాన్సీ వదినకు,

మీరు దించి పంపింది ఎన్నిసార్లు చదివానో. ఒక వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. ఎవరైనా గాయపడినట్లు మా దృష్టికి రాలేదు.

నిజమే గదా వదినా, ఎలా వస్తుంది? పోలీసులు ట్రాక్టరు నంబరు రాసుకున్నారు, పగిలిన లైటు రాసుకున్నారు. "పుట్టలేదు గదమ్మా, చనిపోయినట్టు ఎట్లా రాస్తాం?" అన్నారు. పాస్టరు గారు బాప్తిస్మం లేదు గనుక చర్చి పుస్తకంలో ఎక్కించలేదు. జననాల్లో లేదు, మరణాల్లో లేదు. నా పొట్టలో ఏడు నెలలు పెరిగి తన్నిన పిల్ల ఎవరి దృష్టికీ రాలేదు.

నేను వాళ్లకు రాస్తాను. ఏం అడుగుతారో కనుక్కోండి. ఆయన్ను నేను క్షమించానని ఇప్పుడే అనుకోవద్దు. కానీ వాళ్లు ఆ వాక్యాన్ని ఇంకెవరికీ పంపకూడదు.

అమ్మకు కాగితం సంగతి చెప్పాను. ఎగిరి గంతేస్తుందని అనుకోలేదు గానీ, ఏదో ఒకటి అంటుందనుకున్నాను. విని, లేచి వెళ్లి బావి దగ్గర ఉతికిన బట్టలే మళ్లీ ఉతికింది.

దీప్తి


గురజాల
ఫిబ్రవరి 10

దీప్తీ,

రాజు అడిగితే కంపెనీ వాళ్లు ప్రశ్నల కాగితం పంపారు. గాయపడిన వారి పేరు, వయసు, ఏ సీటు, ఏ తేదీ, అన్నీ మామూలువే. ఈ కవర్లోనే పెడుతున్నాను. చివర్లో ఒకటుంది. "బెల్టుకూ శరీరానికీ మధ్య ఏదైనా వస్తువు ఉన్నదా? ఉంటే వివరించండి."

రాజు అది చూసి "ఒడిబియ్యం ఉండాయి. మూట మెత్తగానే ఉంటది గదా" అన్నాడు. పాపం, వాడికి తెలిసింది అంతే. పాస్టరు గారు ప్రార్థన చేసి గుమ్మం దాటాక, లోపలి గది తలుపేసుకుని ఆడవాళ్లు చేసుకునే పని అది. మీ అమ్మ నీ చీరకొంగులో ఏమేమి కట్టిందో మగవాళ్లెవరూ చూడరు.

నేను చూశాను దీప్తీ. పిడుగురాళ్ల ఆస్పత్రిలో నీ చీర విప్పింది నేను. నర్సునని నన్ను లోపలికి రానిచ్చారు. కొంగు ముడి విప్పితే బియ్యం, ఖర్జూరాలు, వక్కలు రాలాయి. వాటి మధ్యనుంచి పిలక తియ్యని నిండు కొబ్బరికాయ దొర్లింది. నీ పొట్ట మీద బెల్టు గీత అడ్డంగా కమిలి ఉంది. దాని నడుమ గుండ్రంగా ఇంకో మచ్చ. ఆ మచ్చ దేనిదో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

బియ్యం, ఖర్జూరాలు, వక్కలు మళ్లీ మూటగట్టి చీరతోపాటు మీ అమ్మ చేతికిచ్చాను. కాయను మాత్రం తీసుకెళ్లి ఆస్పత్రి వెనక కాలవలో పడేశాను. తల్లి అది చూస్తే తట్టుకోలేదని ఆ పని చేశాను. మంచిపని చేశాననుకున్నాను.

ఆ తర్వాత ఏం జరిగింది? అదే తల్లి నా తమ్ముణ్ణి వీధిలో నిలబెట్టి హంతకుడంది. నేను నోరు మూసుకున్నాను. వాడు ఎండిపోతుంటే చూస్తూ నోరు మూసుకున్నాను. ఇంక నా వల్ల కావడం లేదు. ఆ కాయ నీ ఒళ్లో ఉందని నీకు తెలియదా? తెలిసి ఇన్ని నెలలు వాడి చేతుల గురించి రాశావా? మీ అమ్మ చేతుల గురించి ఒక్క ముక్క రాయలేదే!

ఝాన్సీ


నరసరావుపేట
ఫిబ్రవరి 19

వదినకు,

తెలుసు. మీరు కాయ తీసి పక్కన పెట్టినప్పుడు నాకు స్పృహ ఉంది.

ఎక్కినప్పుడే అది గుచ్చుకుంటోందని పక్కకు జరుపుకున్నాను. ఆయన బెల్టు బిగించాక మళ్లీ మధ్యకొచ్చింది. ఆయన మూట చూసి "ఇది తీసి వెనక పెడదాం" అన్నాడు కూడా. "పుట్టింటి గడప దాటేదాకా ముడి విప్పకూడదు బాబూ" అంది అమ్మ. మా నాయనమ్మ కాలం నుంచి, చర్చిలో చేరకముందు నుంచీ, మా ఇంట్లో ఉన్నది అదొక్కటే. పాస్టరు గారికి తెలిస్తే అన్యుల ఆచారం అంటారని దాచి చేసుకుంటారు. అందులో నిండు కాయ ఉందని నేను ఆయనతో చెప్పలేదు. పుట్టింటి పరువు అనుకున్నాను.

ఆయన్ను తలచుకుంటే నాకు కోపం రావడానికి ఒక బెల్టు ఉంది. అమ్మను తలచుకుంటే ఏం చెయ్యాలి? తొమ్మిది నెలలుగా తిండి కలిపి నోట్లో పెడుతున్న మనిషి. ఆ కాయ సంగతి అమ్మకు తట్టనే లేదు. తట్టిన రోజు అమ్మ ఉండదు. దేవుడు శిక్షించాడనుకుంటుంది. నాకు బిడ్డ లేదు, మొగుడు ఉన్నట్టా లేనట్టా తెలియదు. అమ్మను కూడా పోగొట్టుకోమంటారా?

ఆ ప్రశ్నకు "ఏమీ లేదు" అని రాస్తాను. ఆస్పత్రిలో చూసిన నర్సుగా మీరు కింద సంతకం చెయ్యండి. కాయ కాలవలో పోయింది. మీరూ నేనూ తప్ప ఎవరికీ తెలియదు.

దీప్తి


గురజాల
మార్చి 2

దీప్తీ,

సంతకం చెయ్యను. అబద్ధానికి భయపడి కాదు. ఆస్పత్రిలో అబద్ధాలు చానా చెప్పాను. పోయేవాళ్లకు బాగవుతుందని చెప్పడమే మా పని. కానీ ఆ మచ్చ నేను చూశాను. చూడలేదని నా చేత్తో రాయలేను.

మా డాక్టరమ్మను ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను. పొట్ట మీదుగా బెల్టు ఉంటే చాలు, కాయ లేకపోయినా గర్భసంచి నుంచి మాయ విడిపోవచ్చు అంది. కాయ ఉంటే ఇంకా తేలిక అంది. మరి ఏది చేసినట్టు అని అడిగితే, "అది ఎవరూ చెప్పలేరు ఝాన్సీ, నువ్వు అడగడం మానెయ్" అంది. కాబట్టి మనకు ఎప్పటికీ తెలియదు. దాంతోనే బతకాలి.

ఇంకొకటి. రాజుకు చెప్పేశాను. నిన్ను అడగలేదు, అడిగితే వద్దంటావని.

కేకలు వేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది. చాలాసేపు ఆ ప్రశ్నల కాగితం నకలు మడతలు పెడుతూ కూర్చున్నాడు. "అయితే రాయొద్దని చెప్పక్కా" అన్నాడు. "అత్తయ్యకు తెలిస్తే దీప్తికి అమ్మ కూడా ఉండదు. నన్నయితే తిడతది, తిట్టి ఊరుకుంటది. తిట్టనీ." మరి కంపెనీ సంగతి ఏందిరా అంటే, "వాళ్ల దృష్టికి రాకపోతే రాకపాయె. బెల్టు బిగిచ్చింది నేనే గదా" అన్నాడు. టార్పాలిన్ గాలికి లేచిందని పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే, చివరి బస్సు ఉండగానే మాచర్ల వెళ్లిపోయాడు.

నేను ఇంక ఏమీ అడగను. నీకు ఏది రాయాలనిపిస్తే అది రాయి. రాయకపోయినా నువ్వు నా మరదలివే.

ఝాన్సీ


నరసరావుపేట
మార్చి 18

ఝాన్సీ వదినకు వందనాలు,

మొదటి ఉత్తరంలో అడిగారు గదా, వందనాలు ఇప్పుడు చెబుతున్నాను.

ఆయన రాయొద్దన్నాడని చదివాక, రాయకుండా ఉండడం నాకు కష్టమైంది. ఆదివారం మధ్యాహ్నం కాగితం ముందేసుకుని వరండాలో కూర్చున్నాను. అమ్మ పక్కనే చాప మీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఒక్కో ప్రశ్న పైకి చదువుతున్నాను, అమ్మ వింటోంది. చివర్లో ఆ ప్రశ్న వచ్చింది. చదవకుండా దాటేసి తేదీ, సంతకం అన్నాను.

"మద్దెలో ఒకటి ఎగరగొట్టావే, ఏందది?" అంది.

ఏమీ లేదమ్మా అన్నాను. "ఏమీ లేకపోతే చదువు" అంది. చదివాను.

అమ్మ చేతులు ఆగలేదు. నాలుగైదు కాయలు తొడిమలు తీసి గంపలో వేసింది. అప్పుడు అంది, "కొబ్బరికాయ అని రాయి. పిలక తియ్యని కాయ. నేనే కట్టానని రాయి."

నీకెలా తెలుసమ్మా అని అడిగాను. అది నోటినుంచి వచ్చాక గానీ, నాకూ తెలుసని చెప్పేసినట్టే అయిందని తోచలేదు.

"ఝాన్సీ మూట ఇచ్చినప్పుడే తెలిసిందే. ఇంటికొచ్చి ఇప్పి చూశా. బియ్యం ఉండాయి. ఖర్జూరాలు ఉండాయి. వక్కలు కూడా ఉండాయి. కాయ ఒక్కటే లేదు. దొంగిలించేదానికి అదేమన్నా బంగారమా? నన్ను చూసి జాలిపడి ఎవరో తీశారు. జాలిపడాల్సిన పని నేనేం చేశానా అని కూర్చుని ఆలోచిస్తే అంతా తెలిసింది."

వదినా, మీరు దాచారు గనుకే అమ్మకు తెలిసింది. మూటలో కాయ ఉండి ఉంటే అమ్మ దాన్ని చూసి ఏడ్చి ఊరుకునేదేమో. మిమ్మల్ని అనడానికి రాయడం లేదు. నేనూ అదే పని చేశాను. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర, ఆమెకు తెలియదని నేను, నాకు తెలియదని ఆమె. చెట్టు కొట్టించింది రేకుల కోసం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఇడ్లీల్లోకి కూడా పల్లీల చట్నీ తప్ప చెయ్యడం లేదు. చూస్తూ కూడా చూడలేదు నేను.

మరి ఆయన్ను ఎందుకు అన్నన్ని మాటలు అన్నావని అడిగాను. "బయమే. ఒక్కరోజు తిట్టడం ఆపితే, నువ్వు నా వైపు చూసి ఒడి సంగతి అడుగుతావని బయం" అంది. అని, మిరప చేతులతోనే కళ్లు తుడుచుకుంది. మండి నీళ్లు కారుతున్నా చేతులు తియ్యలేదు. నేనే బావి దగ్గరికి తీసుకెళ్లి కడిగాను. ఇన్నాళ్లకు ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం.

తర్వాత అమ్మతో ఒక మాట చెప్పాను, మీకూ చెబుతున్నాను. బెల్టు పొట్ట కింద తొడల మీదకు రావాలంటే ఒళ్లో మూట ఉంటే కుదరదు. పుస్తకంలో ఆ ఒక్క మాట సరిగ్గా ఉంటే, ఆయన అమ్మతో పోట్లాడైనా మూట విప్పించేవాడు. విప్పించకుండా కారు కదిలించే మనిషి కాదు. అమ్మ అంతా విని, "కంపెనీ తప్పు కంపెనీది. నా కాయ నాది. రెండూ రాయి" అంది.

రెండూ రాశాను. నాన్న తీసుకెళ్లి రిజిస్టర్ పోస్టు చేసి వచ్చాడు. మీరు చూసిన మచ్చ సంగతి కూడా రాశాను, వాళ్లు అడిగితే చెప్పండి. అంతా కాయ మీదకే నెట్టేస్తారేమో, నాకు తెలుసు. నెట్టనివ్వండి. నజీమా లాంటి ఇంకో పిల్ల ఆ పేజీ తెరవకముందే, పొట్ట మీదుగా పెట్టుకున్న ఒకామెకు ఏమైందో ఇప్పుడు వాళ్ల దృష్టికి వచ్చింది.

ఆయన్ను రమ్మనండి. బస్సులో రమ్మనండి, కారు తేవద్దు. గేటు అమ్మే తీస్తానంది. నేను మాచర్ల వస్తానో లేదో ఇప్పుడు చెప్పలేను. ముందు ఆ చేతుల వైపు చూడగలనో లేదో చూసుకోవాలి.

ఒకటి మర్చిపోయాను. గాయపడిన వారి పేరు అని మొదట్లోనే అడిగారు. అక్కడ నా పేరు రాయలేదు. నిఖిత అని రాశాను, తండ్రి పేరు సాల్మన్ రాజు. ఆ పేరు కాగితం మీద ఎక్కడం అదే మొదలు. దాని పక్కన వయసు అని ఉంది. ఏం రాయాలో ఎంతసేపు ఆలోచించినా తెలియలేదు. అక్కడ ఖాళీగా వదిలేశాను.

మీ మరదలు
దీప్తి